మానాలన్న కోరిక అందరిదీ, మానే వసతి కొందరిదే

న్యూఢిల్లీ: ఏటా మే 31వ తేదీ వచ్చేసరికి ఈ నగరంలో పొగాకు వ్యతిరేక దినోత్సవం జరుగుతుంది. పెద్దలు ప్రతిజ్ఞలు చేయిస్తారు, విద్యార్థులు ఊరేగింపులు తీస్తారు. ఆ సభలలో వినవచ్చే ఉపన్యాసాల సారాంశం ఒక్కటే: మనసు గట్టిచేసుకుంటే మానలేని అలవాటు లేదు. మాట వినసొంపుగానే ఉంది. కానీ అదే నిజమైతే చదువూ సంపదా ఉన్నవారిలో పొగ మానినవారు హెచ్చుగాను, కూలినాలి చేసుకునేవారిలో తక్కువగాను ఎందుకు ఉంటున్నట్లు? పేదవాడి మనసు మెత్తనిదనుకోవాలా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకదలచినవారు ఢిల్లీ సభామందిరాలను విడిచి ఒకసారి ఖరగ్‌పూర్ దాకా వెళ్ళిరావడం మంచిది.

ఖరగ్‌పూర్ తెలుగు పాఠకులకు కొత్త పేరు కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ అక్కడ జంక్షను వేసి, వర్క్‌షాపు కట్టిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల వారు పొట్ట చేత పట్టుకొని ఆ ఊరు చేరుతూ వచ్చారు. ఆ రైల్వే కార్మికులను సంఘటితం చేసినవారిలో ఒకరైన వి.వి. గిరి తరువాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో జరిగిన సమ్మె దేశ కార్మికోద్యమ చరిత్రలో ఒక ఘట్టం. ఆ స్టేషను ప్లాట్‌ఫారం 1072.5 మీటర్ల పొడవున ప్రపంచంలోకెల్లా పెద్దదన్న ఖ్యాతిని చాలాకాలం నిలుపుకొన్నది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తరువాత హుబ్బళ్ళి ఆ కీర్తిని తీసుకుపోయాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వడానికి అంగీకరించడం వెనుక ప్రధానంగా ఉన్నది ఈ పట్టణపు తెలుగు జనాభాయే.

రైల్వే పట్టణమంటేనే మెట్లు మెట్లుగా కట్టిన సమాజం. దొరల కాలంలో ఐరోపావారి బంగళాలు ఒకచోట, ఆంగ్లో ఇండియనుల ఇళ్ళు మరొకచోట, భారతీయ కార్మికుల వరుస క్వార్టర్లు వేరొకచోట. మనిషి వర్ణాన్ని బట్టి ఉద్యోగం, ఉద్యోగాన్ని బట్టి ఇల్లు. దొరలు వెళ్ళిపోయి ఎనిమిది దశాబ్దాలు కావస్తున్నా మెట్లు పోలేదు. నేడు పై మెట్టుపై పర్మనెంటు ఉద్యోగి ఉన్నాడు. కింది మెట్టుపై కంట్రాక్టరు కింద పనిచేసే పారిశుధ్య కార్మికుడు, సామాను మోసే కూలీ, ప్లాట్‌ఫారంపై తినుబండారాలమ్మే చిరువర్తకుడు ఉన్నారు. పట్టణం చుట్టూ ఉన్న పశ్చిమ మేదినీపూర్ పల్లెల నుంచి దినకూలీకి వచ్చే సంతాలులు, ఒకనాడు ప్రభుత్వమే నేరస్థ జాతిగా ముద్రవేసిన లోధాలు అంతకన్నా కింద ఉన్నారు. ఎవరి మెట్టుకు తగిన పొగాకు వారిది: ఒకరికి సిగరెట్టు, ఒకరికి బీడీ, మరొకరికి ఖైనీ. మానడానికి దొరికే సాయం కూడా ఈ మెట్ల ప్రకారమే పంపిణీ అవుతున్నదనడమే ఈ లేఖ సారాంశం.

ముందుగా దేశం లెక్కలు చూద్దాం. కేంద్ర ఆరోగ్య శాఖ 2009-10లోను, తిరిగి 2016-17లోను పొగాకు వినియోగంపై పెద్దల సర్వే జరిపించింది. ఈ రెండింటి నడుమ పొగాకు వాడేవారు 34.6 శాతం నుంచి 28.6 శాతానికి తగ్గారు. సంతోషించదగ్గ విషయమే. కాగా రెండవ సర్వేలో పశ్చిమ బెంగాల్ వాటా 33.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌ది 20 శాతం, తెలంగాణది 17.8 శాతం. బెంగాల్‌లో పొగతాగేవారిలో అత్యధికులు బీడీ తాగేవారే. ఈ రాష్ట్ర సగటులలో ఖరగ్‌పూర్ తెలుగు కూలీ గాని, సంతాలు కూలీ గాని విడిగా కనబడరు. లెక్కలో కనబడనివాడు పథకంలోనూ కనబడడు.

అదే సర్వేలో గమనార్హమైన సంగతి మరొకటి ఉన్నది. పొగతాగేవారిలో 55.4 శాతం మంది మానివేయాలని అనుకుంటున్నామనో, ఆలోచిస్తున్నామనో చెప్పారు. అంతకు ముందటి పన్నెండు నెలల్లో 38.5 శాతం మంది మానడానికి ప్రయత్నించి చూశారు కూడా. కనుక కోరికకు కొదవ లేదు, ప్రయత్నానికీ కొదవ లేదు. అయితే ప్రయత్నించిన ప్రతి పదిమందిలో సుమారు ఏడుగురు ఎవరి సాయమూ లేకుండా, మందూ మాటా లేకుండా, ఒంటరిగా పోరాడినవారే. వైద్యుని వద్దకు వెళ్ళిన పొగరాయుళ్ళలో సగం మందికి సైతం మానమన్న సలహా దొరకలేదు. అసలు వైద్యుని గడప తొక్కని వారి మాట చెప్పేదేమున్నది?

నికోటిన్ స్వభావం తెలిసినవారికి ఈ ఒంటరి పోరాటం ఎంత కష్టమో తెలుసు. మానిన మొదటి కొద్ది రోజులు చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపించడం మనిషిని పీడిస్తాయి. తిరిగి ఒక దమ్ము పీలిస్తే ఆ బాధ తాత్కాలికంగా ఉపశమిస్తుంది. అందుకే చాలామంది ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించిన తరువాత గాని కృతార్థులు కాలేరు. గది తలుపు మూసుకొని పనిచేసే అధికారి ఆ వారం రోజులు సెలవు పెట్టి ఇంట కూర్చోగలడు. రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి, ఆకలి మరచిపోవడానికి బీడీ వెలిగించే కూలీకి ఆ వారమంతా కూలి పోతుంది. నికోటిన్ బిళ్ళలు మందుల షాపులో దొరకకపోవు. కానీ ఒక రోజుకు కావలసిన బిళ్ళల ఖరీదు బీడీ కట్ట ఖరీదుకు కొన్ని రెట్లు. జబ్బు చౌకగా దొరికి, మందు ప్రియమైనప్పుడు బీదవాడు దేనిని కొంటాడో చెప్పడానికి ఆర్థికవేత్తలు అక్కరలేదు.

ఇది మన దేశానికే పరిమితమైన వైపరీత్యం కాదు. అమెరికాలో నల్లజాతి వారు సగటున తెల్లవారికన్నా ఆలస్యంగా పొగతాగడం ప్రారంభిస్తారు, రోజుకు తక్కువ సిగరెట్లు తాగుతారు, మానడానికి ఎక్కువసార్లు ప్రయత్నిస్తారు. అయినప్పటికీ మానడంలో కృతకృత్యులయ్యేది వారిలో తక్కువమంది. 1998లో ఆ దేశపు సర్జన్ జనరల్ అల్పసంఖ్యాక జాతుల పొగాకు వినియోగంపై ప్రత్యేక నివేదికనే వెలువరించారు. వైద్యుని సలహా, మందులు, బీమా సదుపాయం వారికి తక్కువగా అందుతున్నాయని పరిశోధకులు పదేపదే చెబుతూ వచ్చారు. సిగరెట్టు కంపెనీలు నల్లవారి పేటలనే గురిపెట్టి మెంథాల్ సిగరెట్లను దశాబ్దాలుగా ప్రచారం చేశాయి. ఆ మెంథాల్‌ను నిషేధించాలని 2022లో చేసిన ప్రతిపాదనను 2025 జనవరిలో ఉపసంహరించుకొన్నారు. అక్కడ చర్మం రంగును బట్టి ఏర్పడిన అంతరం ఇక్కడ కులం, తెగ, భాష, ఉద్యోగపు తరగతులను బట్టి ఏర్పడుతున్నది. రూపం వేరైనా రోగం ఒకటే.

పేదలకు ఎంత చెప్పినా మానరన్న వాదాన్ని తిప్పికొట్టే సాక్ష్యం విదేశాలలో వెదకనక్కరలేదు. అది మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నది. ఖరగ్‌పూర్ తెలుగువారిలో అనేకుల పూర్వికుల ఊళ్ళు అక్కడివే. ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొనను నోటిలోపల ఉంచుకొని పీల్చే అలవాటు ఉన్నది. అడ్డపొగ అని దీనికి పేరు. ఈ అలవాటు ఎక్కువగా స్త్రీలలో కనబడుతుంది. గిరీశం చేతిలోని చుట్టకు మన సాహిత్యంలో దక్కిన గౌరవం ఈ అవ్వల నోటిలోని చుట్టకు దక్కలేదు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ప్రాథమిక పరిశోధన సంస్థకు చెందిన మెహతా తదితరులు ఆ జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలిపై కలిగే వికారాలను 1971లో లోకానికి వెల్లడించారు.

వారు అంతటితో ఆగలేదు. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, మన శ్రీకాకుళం జిల్లాల పల్లెలలో పొగాకు వాడే 36,471 మందిని ఎన్నుకొని, ఏటేటా వారి ఇళ్ళకు వెళ్ళి నోరు పరీక్షించి, మానమని నచ్చజెప్పారు. ఐదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. సలహా అందని వారితో పోల్చగా సలహా అందిన వారిలో మానినవారు, తగ్గించినవారు చెప్పుకోదగినంత ఎక్కువగా ఉన్నారు. నోటి క్యాన్సరుకు ముందుగా వచ్చే మచ్చలు కూడా తగ్గాయి. ఆ పల్లె ప్రజలు ధనవంతులు కారు, పెద్ద చదువులు చదివినవారూ కారు. వారికి ఖరీదైన మందులు పంచిపెట్టిందీ లేదు. ఒక మనిషి గడపలోకి వచ్చి, వారికి తెలిసిన మాటలలో, ఒకసారి కాక మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఆ పాటి ఆదరణకే ఫలితం దక్కింది.

రాజధానిలోనే ఇటీవలి కాలంలో మరొక ప్రయోగం జరిగింది. ఢిల్లీలోని 32 పేద బస్తీలను తీసుకొని, కొన్నింటిలో పొగాకు వాడేవారికి ఒక్కసారి పావుగంట సేపు సలహా చెప్పి, శ్వాస వ్యాయామం నేర్పారు. మిగిలినచోట్ల ఒక్క మాట చెప్పి వదిలివేశారు. 2017లో ప్రకటించిన ఫలితం ప్రకారం మొదటి వారిలో 2.6 శాతం మంది నిలకడగా మానారు. రెండవ వారిలో 0.5 శాతం మాత్రమే. 2.6 శాతం ఏపాటి అని పెదవి విరిచేవారు ఉంటారు. పావుగంట ఖర్చుకు ఐదురెట్ల ఫలితం వచ్చే పథకాలు ప్రభుత్వం చేతిలో ఎన్ని ఉన్నాయో వారు చెబితే బాగుంటుంది.

మరి ప్రభుత్వం ఏమి చేసింది? ఏమీ చేయలేదనడం అన్యాయం. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 13 పొగాకు విరమణ కేంద్రాలు తెరిచారు. కానీ అటువంటివి ఎక్కువగా క్యాన్సరు ఆసుపత్రులలోను, మనోవైద్య సంస్థలలోను, అంటే పెద్ద నగరాలలోనే వెలిశాయి. తరువాత వచ్చిన జాతీయ పొగాకు నియంత్రణ పథకం జిల్లా స్థాయి కేంద్రాలను ఉద్దేశించింది. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 1800-11-2356 నంబరుతో ఉచిత ఫోను సలహా కేంద్రం ప్రారంభమైంది. ఆ తరువాత బెంగళూరు నిమ్హాన్స్, ముంబయి టాటా మెమోరియల్, గువాహటి బరూవా క్యాన్సరు సంస్థలు అందులో చేరాయి. తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో సలహా చెప్పే ఏర్పాటు జరిగింది. 2018 సెప్టెంబరు నుంచి ఆ నంబరును పొగాకు పొట్టాలపై ముద్రిస్తున్నారు. 2022లో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను అత్యవసర మందుల జాతీయ జాబితాలో చేర్చారు.

ఇవన్నీ మంచి పనులే. అయితే మంచి పనులన్నీ ఎవరి వీధిలోకి వెళ్ళి ఆగుతున్నాయన్నదే ప్రశ్న. నంబరు పొట్టంపై ఉన్నది. పొట్టం కొనేవాడికి నంబరు కనబడుతుంది. కిళ్ళీకొట్టు వద్ద ఒకటి రెండుగా విడి బీడీలు, విడి సిగరెట్లు కొనే కూలీ చేతికి పొట్టం రాదు, నంబరూ రాదు, భయపెట్టే బొమ్మా రాదు. హెచ్చరిక సైతం మొత్తంగా కొనగలిగిన వాడి సొత్తయింది. పొట్టం చేతికి వచ్చినా అందులోని అక్షరాలు చదవగలగాలి. చదివినా ఫోను చేస్తే ఏ భాషలో జవాబు వస్తుందో తెలియాలి. బెంగాల్‌లో పుట్టి పెరిగి, ఇంట్లో తెలుగు, బజారులో బంగ్లా, పనిచోట హిందీ మాట్లాడే ఖరగ్‌పూర్ కార్మికుడు తన భాషలో సలహా అడిగి పుచ్చుకోవచ్చునని అతనికి ఎవరు చెప్పాలి? సంతాలీ తప్ప వేరు భాష సరిగా రాని స్త్రీకి ఎవరు చెప్పాలి?

ఈ సందర్భంలో రైల్వేల బాధ్యత ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఖరగ్‌పూర్‌లో ఆగ్నేయ రైల్వేకు పెద్ద ఆసుపత్రి ఉన్నది. పర్మనెంటు ఉద్యోగులకు, వారి కుటుంబాలకు, పింఛనుదారులకు అక్కడ వైద్యం లభిస్తుంది. కాని అదే ప్లాట్‌ఫారం ఊడ్చే కంట్రాక్టు కార్మికునికి ఆ వైద్య పథకంలో స్థానం లేదు. అతనికి ఇ.ఎస్.ఐ. ఉండాలని చట్టం చెబుతుంది. కంట్రాక్టరు దయ ఉంటే కార్డు వస్తుంది. సామాను మోసే కూలీ, చిరువర్తకుల సంగతి అంతకన్నా అధ్వాన్నం. పొగ తాగినందుకు శిక్షించే విషయంలో మాత్రం రైల్వేలు ఈ తారతమ్యం పాటించవు. 1989 నాటి రైల్వే చట్టం 167వ సెక్షను, 2003 నాటి పొగాకు చట్టం అందరికీ సమానమే. జరిమానాలో సమానత్వం, చికిత్సలో తారతమ్యం! ఇది ఏ పాలనా నీతి?

ఇక పన్నుల విషయం. 2025 సెప్టెంబరు 3న జి.ఎస్.టి. మండలి సిగరెట్లను 40 శాతం పన్ను శ్రేణిలో చేర్చాలని, బీడీలపై పన్నును మాత్రం 28 నుంచి 18 శాతానికి, బీడీ ఆకుపై 18 నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు సిగరెట్లపై ఎక్సైజు సుంకం పెంచే సవరణను ఆమోదించింది. బీడీ సిగరెట్టుకన్నా తక్కువ హానికరమనే అపోహ ఢిల్లీలో సైతం లేకపోలేదు. వాస్తవానికి ఆరకుండా ఉండాలంటే బీడీని పదేపదే గట్టిగా పీల్చవలసి ఉంటుంది. దానినుంచి వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడు తక్కువ కావు. ధర పెరిగినప్పుడు వాడకం తగ్గించేవారిలో పేదలే ముందుంటారన్నది ఆర్థికశాస్త్రం అంగీకరించిన సత్యం. అంటే ధనికుని చేత సిగరెట్టు మాన్పించడానికి ఉపయోగపడుతున్న పన్ను అనే ఆయుధాన్ని పేదవాని విషయంలో ప్రభుత్వం ఒరలో పెట్టుకొన్నది.

దీనిని సమర్థించేవారు బీడీ కార్మికుల ఉపాధిని ముందుకు తెస్తారు. ఆ వాదాన్ని తేలికగా తీసివేయరాదు. కేంద్ర కార్మిక శాఖ లెక్కల ప్రకారం దేశంలో సుమారు 50 లక్షల మంది నమోదైన బీడీ కార్మికులున్నారు. వారిలో అత్యధికులు స్త్రీలు. బెంగాల్‌లోని ముర్షిదాబాద్, తెలంగాణలోని నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలలో ఎన్నో ఇళ్ళు బీడీల తట్టపైనే నడుస్తున్నాయి. కానీ వారిపై ప్రభుత్వానికి అంత దయ ఉంటే, 1976 చట్టం ప్రకారం వారి సంక్షేమ నిధికి ఆధారంగా ఉన్న సెస్సును 2017లో జి.ఎస్.టి. రాగానే ఎందుకు రద్దుచేశారు? చేతి కూలి పెంచని దయ, ప్రత్యామ్నాయ పని చూపని దయ, పన్ను తగ్గింపులో మాత్రమే ప్రవహించడం విచిత్రం. బీడీ చుట్టే స్త్రీ పేదది, బీడీ తాగే కూలీ పేదవాడు. ఇద్దరి పేదరికాన్నీ ఒకరికొకరిని పోటీగా నిలబెట్టి, నడుమ యజమాని లాభాన్ని కాపాడడాన్ని సంక్షేమం అనరు.

అలాగని పన్ను ఒక్కటి పెంచి చేతులు దులుపుకొంటే చాలదు. సాయం లేకుండా పన్ను మాత్రమే పెంచితే మానలేని పేదవాని పిల్లల అన్నంలోనుంచే ఆ పైకం వస్తుంది. కనుక రెండూ కలసి రావాలి. బీడీపైనా పన్ను వేయాలి. ఆ రాబడిలో నిర్ణీత భాగాన్ని మానదలచినవారి చికిత్సకు, బీడీ చుట్టేవారి ప్రత్యామ్నాయ ఉపాధికి విడిగా కేటాయించాలి. విడి అమ్మకాలను అదుపు చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూలైలో పొగాకు విరమణపై తన తొలి చికిత్సా మార్గదర్శకాలను వెలువరించి, సలహానూ మందులనూ జతగా అందించమని కోరింది. జాబితాకు ఎక్కిన నికోటిన్ బిళ్ళలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేతికి అందినప్పుడే ఆ జాబితాకు అర్థం.

దీనికి ఖరగ్‌పూర్‌ను మించిన ప్రయోగశాల దొరకదు. పర్మనెంటు, కంట్రాక్టు అనే భేదం పాటించకుండా ఆ రైల్వే ఆసుపత్రిలో ఒక విరమణ కేంద్రం తెరవడానికి కొత్త చట్టం అక్కరలేదు. తెలుగు, బంగ్లా, హిందీ, సంతాలీ తెలిసిన కొద్దిమంది ఆరోగ్య కార్యకర్తలు షిఫ్టులు మారే వేళకు వర్క్‌షాపు ద్వారం వద్ద, కూలీల విశ్రాంతి స్థలాల వద్ద, చుట్టుపక్కల పల్లెలలో కనబడితే చాలు. శ్రీకాకుళం పల్లెలలో ఇంటింటికీ తిరిగి చేయగలిగిన పనిని, ఆ పల్లెల నుంచి వలస వచ్చినవారి మనుమల కోసం రైల్వే పట్టణంలో చేయలేకపోవడానికి కారణం కనబడదు.

చిక్కేమిటంటే ఈ పనికి ఢిల్లీలో ఒక యజమాని లేడు. మందు ఆరోగ్య శాఖది, ఆసుపత్రి రైల్వే శాఖది, పన్ను ఆర్థిక శాఖది, బీడీ కార్మికుడు కార్మిక శాఖకు చెందినవాడు. నాలుగు శాఖల నడుమ నలుగుతున్న మనిషి మాత్రం ఎవరి ఫైలులోనూ లేడు. పార్లమెంటులో ప్రశ్న వేసే సభ్యునికి నాలుగు శాఖల నుంచి నాలుగు జవాబులు వస్తాయి. నాలుగూ వేటికవి నిజాలే అయి ఉంటాయి. ఉభయ తెలుగు రాష్ట్రాల సభ్యులు, బెంగాల్ సభ్యులు కలసి నాలుగు శాఖలకూ కలిపి ఒకే ప్రశ్న వేస్తే గాని ఈ పొగ విడిపోదు. ఖరగ్‌పూర్‌లో పొగ మానలేకపోయిన కార్మికుణ్ణి నీకు మనోబలం లేదని నిందించే ముందు, అతనికి మానే దారిలో ఒక్క మెట్టయినా కట్టామా అని రాజధాని తనను తాను ప్రశ్నించుకోవలసి ఉన్నది.